గోడ మధ్య మేకు

కొబ్బరిపాలలో నూనె తేలేదాకా గరిటె ఆపకూడదని లమైకి ఎవరూ చెప్పనక్కర్లేదు. రాచబురి బజారు వెనక సందులో ఆమె కూరల కొట్టు పెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. చేయి దాని పని అది చేసుకుపోతుంది. కళ్ళు మాత్రం ఆ ఉదయం నామ్‌ప్లా అనే చేప పులుసు సీసాకు ఆనించిన ఫోనులో ఉన్నాయి. నది మలుపు తిరిగే చోట ఒండ్రు ఎందుకు పేరుకుంటుందో అందులో ఒక మాస్టారు బొమ్మ గీసి చెబుతున్నాడు.

"పెద్దమ్మా, పరీక్షలెప్పుడో అయిపోయాయన్నావు కదా. మళ్ళీ ఆ పాఠమెందుకు?" అన్నాడు మోటారుసైకిలు టాక్సీ నడిపే బున్‌మీ, బల్ల ముందు కూర్చుంటూ.

"పరీక్ష కోసం వింటే భయంతో వినాలి. ఇప్పుడు ఊరికే వింటున్నాను, హాయిగా ఉంది. అన్నం ఎంత పెట్టను?"

"నాలుగు డిగ్రీల చెయ్యి. ఎంత పెడితే అంత."

లమై నవ్వి ఇంకో గరిటె అన్నం వేసింది. ఆ మాట ఎన్నిసార్లు విన్నా ఆమెకు చేదు కాదు. సందులో అందరూ ఆమెను డిగ్రీల పెద్దమ్మ అంటారు. కొందరు మెచ్చుకుని అంటారు, కొందరు దెప్పి అంటారు. రెండు రకాలవాళ్ళూ భోజనానికి అక్కడికే వస్తారు కాబట్టి ఆమెకు చింత లేదు.

నాలుగో తరగతిలో ఉండగా తండ్రి ఆమెను బడి మాన్పించి బాతుల వెనక పంపాడు. నలభయ్యో పడిలో, పిల్లవాడు బడికి పోతుంటే, తనూ రాత్రిబడిలో చేరింది. ఆ తర్వాత ఓపెన్ యూనివర్సిటీ ఉందని తెలిసింది. అక్కడ ఎవరొచ్చినా చేర్చుకుంటారు, వయసు అడగరు, ఒక సబ్జెక్టు ఫీజు రెండు కోళ్ళ ధరకు మించదు. అంత చవకగా అంత మంచి సరుకు బజారులో మరెక్కడా దొరకదని లమై లెక్క. మొదట రాజనీతి చదివింది, తర్వాత న్యాయం, తర్వాత చరిత్ర, ఇప్పుడు భూగోళం. ఉద్యోగం కోసమా అని అడిగినవాళ్ళకు, "అన్నం తినేది ఉద్యోగం కోసమా?" అనేది.

గల్లాపెట్టె వెనక గోడ మీద పట్టాల గౌనులో ఆమె దిగిన ఫోటోలు మూడు ఉన్నాయి. సందులో డిగ్రీ పిల్లలున్న ప్రతి ఇంటా, వచ్చినవాళ్ళకు ముందుగా కనపడే చోట, అలాంటి ఫోటో ఉంటుంది. ఈ మూడింటి నడుమ, అన్నిటికన్నా మంచి చోట, ఒక మేకు ఖాళీగా ఉంది.

అది కొడుకు నెంగ్ కోసం కొట్టిన మేకు. వాడు బ్యాంకాక్‌లో ఇంజనీరింగులో చేరిన వారమే భర్త సవాత్ చేత దగ్గరుండి కొట్టించింది. మూడో ఏడు నడుమ నెంగ్ సంచి భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాడు, మళ్ళీ వెళ్ళలేదు. ఏసీల పని నేర్చుకున్నాడు, రెండు గుమ్మాల అవతల కొట్టు పెట్టుకున్నాడు, ఫాయ్ అనే నవ్వుముఖం పిల్లను చేసుకున్నాడు. అంతా బాగానే ఉంది. మేకు మాత్రం అలాగే ఉంది. లమై తన రెండో ఫోటో, మూడో ఫోటో పక్కలకు తగిలించుకుందే గాని మధ్య మేకును ముట్టుకోలేదు. వాడి చోటు వాడికుంచాను అనుకునేది. అంతకు మించిన ప్రేమ ఏముంటుందని ఆమె నమ్మకం.

ఆ ఉదయం ఫాయ్ బియ్యం మిల్లువాళ్ళిచ్చిన కొత్త కేలండరు తెచ్చి, ఖాళీగా కనపడిందని ఆ మేకుకే తగిలించింది. లమై చెయ్యి తుడుచుకుని వచ్చి కేలండరు తీసి కోడలి చేతిలో పెట్టింది.

"ఇక్కడ కాదమ్మా. ఫ్రిజ్ పక్కన పెట్టు."

"ఈ చోటు ఖాళీగానే ఉంది కదత్తయ్యా."

"ఖాళీ కాదు. అది మా నెంగ్‌ది," అంది లమై. తర్వాత బున్‌మీ చూస్తున్నాడని అతనికీ వినపడేలా, "ఎప్పటికైనా వస్తుంది. వాడికింకా వయసేం మించిపోలేదు. నేను నలభై ఏడింట మొదలెట్టలా?" అంది.

నెంగ్ సరిగ్గా అప్పుడే వెనక గుమ్మంలో ఉన్నాడు. భుజాన పనిముట్ల సంచి, చేతిలో తల్లి పెట్టిన చేపకూర పళ్ళెం. పళ్ళెం బల్ల మీద పెట్టి, ఒక్క ముద్దైనా తినకుండా బయటికి వెళ్ళిపోయాడు. బున్‌మీ తలొంచుకుని తిన్నాడు.

"మళ్ళీ అన్నావా?" అన్నాడు సవాత్, పెరట్లో వెల్లుల్లి ఒలుస్తూ. అతని నోట్లో నువ్వుగింజ నానదు. ఈ ఒక్క విషయంలో మాత్రం పన్నెండేళ్ళుగా నోరు కట్టుకున్నాడు. "వాడితో పోయి మాట్లాడు లమై. నేను చెబితే నువ్వు వినవు, నువ్వు చెబితే వాడు వినడు. వాడు చెబితే నువ్వు విను."

మధ్యాహ్నం రద్దీ తగ్గాక లమై మూతపెట్టిన పళ్ళెం పట్టుకుని కొడుకు కొట్టుకు వెళ్ళింది. నెంగ్ ఒక పాత ఏసీ డొల్ల విప్పి బ్రష్షుతో దుమ్ము దులుపుతున్నాడు.

"తిను. చల్లారితే చేప వాసనొస్తుంది."

"అక్కడ పెట్టమ్మా."

"వచ్చేవారం పట్టాలిచ్చే సభకు గౌను రిహార్సల్. ఫోటోలు తీసేది ఆ రోజే. ఈసారైనా వస్తావా?"

"పనుంది."

"ప్రతిసారీ ఆ రోజే వస్తుందేమిట్రా నీ పని? రెండోదానికి రాలేదు, మూడోదానికి రాలేదు. మీ అమ్మ గౌను వేసుకుంటే నీకు సిగ్గా?"

నెంగ్ బ్రష్షు కింద పెట్టాడు. గొంతు పెంచలేదు. వాడెప్పుడూ పెంచడు, అదే లమైకి కష్టం.

"నీ గౌను చూసి నేనెందుకు సిగ్గుపడతానమ్మా. నాకు ముప్పై నాలుగేళ్ళు. రోజూ పొద్దున అన్నానికొస్తాను. వచ్చినప్పుడల్లా ఆ మేకు నన్నడుగుతుంది, నీదేదిరా అని. దానికితోడు నువ్వు. వచ్చినవాడికల్లా చెబుతావు, మా నెంగ్‌ది, ఎప్పటికైనా వస్తుంది అని. కూర తినడానికొచ్చినవాడికి నేను ఫెయిలైన సంగతి ఎందుకు?"

"ఫెయిలని నేనెప్పుడన్నాను? ఒక్కనాడైనా తిట్టానా నిన్ను?"

"తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నేను సంచి దించితే నువ్వు నన్ను చూడలేదు, గోడ వైపు చూశావు."

లమై మూత సర్దింది. పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది.

"నీకు గుర్తుందా," అన్నాడు నెంగ్, "నీ మొదటి డిగ్రీకి ప్రశ్నలడిగింది నేను. బడినుంచొచ్చి స్టూలెక్కి కూర్చుంటే నువ్వు గిన్నెలు తోముతూ జవాబులు చెప్పేదానివి. తప్పు చెబితే ఎంత నవ్వేదానివి. తప్పుకి కూడా అలా నవ్వొచ్చని నేను నీ దగ్గరే చూశాను. నా తప్పు దగ్గరికొచ్చేసరికి ఆ నవ్వు ఎటు పోయిందమ్మా?"

పళ్ళెం బల్ల మీద పెట్టి లమై అక్కడున్న ఖాళీ పెట్టె మీద కూలబడింది. ఆమె కళ్ళు నిండాయి. ఏడవడానికి వచ్చిందని కొడుకు అనుకుంటాడేమోనని చీరుకుపోయిన ఏప్రన్ అంచుతో గబగబా తుడుచుకుంది.

"బాతులు మేపే చోటికి బడిగంట వినపడేదిరా," అంది. "గంట కొట్టినప్పుడల్లా అనుకునేదాన్ని, అక్కడ నా బల్ల ఖాళీగా ఉంచారా, ఇంకొకరిని కూర్చోబెట్టేశారా అని. వారంలోనే కూర్చోబెట్టేశారు. ఇది లమైది, దీన్ని ముట్టుకోకండి అని ఎవరన్నా అనుంటే నాకు ఎంత ధైర్యంగా ఉండేదో. అందుకే నీ మేకు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు."

నెంగ్ వచ్చి తల్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నీక్కావలసిన మేకు నాకు కొట్టావమ్మా," అన్నాడు మెల్లగా.

అంత చిన్న మాట నాలుగు డిగ్రీల పుస్తకాల్లో ఎక్కడా తగల్లేదు లమైకి. పెళ్ళినాటి చీర బాగుందని కూతురికి కట్టబెట్టే తల్లిలా, బరువు చూసుకోకుండా, తన ఆశ తెచ్చి వాడి నెత్తిన పెట్టింది. తనను చదవమని ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టే ఆ చదువు అంత తియ్యగా ఉంది. వాడిని మాత్రం రోజూ అడుగుతూనే ఉంది.

"నేనీ గౌను వేసుకోనులే," అంది. "ఫోటో వద్దు, ఏమీ వద్దు. ఇంక చదువు కూడా చాలు."

"అది మరీ బాగుంది. నామీద కోపం కూరమీద చూపిస్తావా? నువ్వు పాఠం వినకుండా వండిన రోజు నాన్న కూడా తినడు. నీ చదువుతో నాకేం తగువు లేదమ్మా. ఆ మేకుతోనే."

లమై లేచి తన కొట్టుకు వెళ్ళింది. సుత్తి పట్టుకుని తిరిగొచ్చి కొడుకు బల్ల మీద పెట్టింది. మేకు పీకడానికి వెనక చీలికున్న పెద్ద సుత్తి.

"ఆ మేకు నీది. పీకేస్తావో, ఉంచుతావో, దానికి నీ చొక్కా తగిలించుకుంటావో నీ ఇష్టం. నేనింక దాని ఊసెత్తను."

ఆ తర్వాత రోజులు గడిచాయి గాని సుత్తి నెంగ్ బల్ల మీదే ఉండిపోయింది. మేకూ గోడకే ఉంది. "ఏమంటాడు, పీకుతాడా?" అని సవాత్ పూటకోసారి అడిగాడు. లమై ఊసెత్తనన్నది కాబట్టి ఎత్తలేదు. బున్‌మీ ఓ రోజు పొరపాటున గోడ వైపు చూస్తే, "కూర చూసుకుని తిను," అంది.

రిహార్సల్ రోజు పొద్దున్నే లమై, సవాత్, ఫాయ్ ముస్తాబై వ్యాను కోసం సందు చివర నిలబడ్డారు. వ్యాను రాలేదు. నెంగ్ పికప్ వచ్చి ఆగింది, వెనక ఇంకా ఏసీ పైపులున్నాయి.

"ఎక్కండి. ఒక పని తెల్లవారకముందే ముగించుకొచ్చాను. వ్యానువాడికి నిన్ననే వద్దని చెప్పాను," అన్నాడు. ఒంటి మీద కొట్టు పేరు కుట్టిన నీలం చొక్కా, భుజాల దగ్గర చెమట మరక. దారి పొడుగునా సవాత్, ఎప్పటిలాగే, ఎడమ పక్క కనపడ్డ ప్రతి టిఫిను బండి గురించీ చెప్పాడు.

యూనివర్సిటీ పచ్చిక మీద ఇసకేస్తే రాలనంత జనం. పూలగుత్తులు, బొమ్మ ఎలుగుబంట్లు, గొడుగులు. గౌను వేసుకున్న పిల్లలు దాన్ని విప్పి తమ అమ్మకో నాన్నకో తొడిగి ఫోటోలు తీయించుకుంటున్నారు. ఈ చదువు మీదే అని చెప్పే పద్ధతి అది. లమై తల్లిదండ్రులు ఏనాడో పోయారు కాబట్టి ఇన్నాళ్ళూ ఆ గౌను సవాత్‌కు తొడుగుతూ వచ్చింది. "నాకూ మూడు డిగ్రీలున్నాయి, తొడుక్కున్నవి," అని అతను సందంతా చెప్పుకునేవాడు.

"ఇప్పుడు ఇంట్లోవాళ్ళకి తొడగండి," అన్నాడు ఫోటోగ్రాఫరు.

"నాకు ఉక్కగా ఉంది," అన్నాడు సవాత్. ఆ మాటతో ఊరుకోకుండా, "ఈసారి మన నెంగ్‌కి తొడుగు లమై. బాగుంటుంది," అన్నాడు.

నెంగ్ పూలగుత్తి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. గౌను లమై చేతిలో ఉంది. వాడి భుజాల మీద అది ఎలా ఉంటుందో ఆమె ఎన్నేళ్ళుగానో మనసులో చూసుకుంటూనే ఉంది. ఎదురుగా చేతికందే దూరంలో ఆ భుజాలున్నాయి.

"వాడికొద్దు," అంది. "మా అబ్బాయి వాడి చొక్కాలోనే బాగున్నాడు." గౌను తనే మళ్ళీ తొడుక్కుని, పోయి కొడుకు పక్కన నిలబడి, వాడి కాలరు సరిచేసింది. "తియ్యి నాయనా."

ఫోటోగ్రాఫరు మూడు లెక్కపెట్టేలోపు నెంగ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మళ్ళీ తియ్యాల్సి వచ్చింది. రెండోసారీ వాడి కళ్ళు తడిగానే ఉన్నాయి. లమై చూసి చూడనట్టు ఊరుకుంది.

ఫోటోలు వచ్చిన వారం లమై బజారునుంచి తిరిగొచ్చేసరికి మధ్య మేకుకు ఒక చట్రం వేలాడుతోంది. గౌనులో తను, నీలం చొక్కాలో నెంగ్, పక్కన గొడుగు పట్టుకున్న సవాత్, పూలమాటున ఫాయ్. చట్రం కాస్త ఎడమకు ఒరిగి ఉంది. సుత్తి గల్లాపెట్టె మీద ఉంది. లమై చట్రాన్ని సరిచేయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మధ్యలో ఉన్నది ఏ డిగ్రీ పెద్దమ్మా?" అన్నాడు బున్‌మీ, పళ్ళెం అందుకుంటూ.

"అది డిగ్రీ కాదు. మా నెంగ్."

మూలబల్ల దగ్గర తింటున్న నెంగ్ తలెత్తలేదు. "కూరలో ఉప్పెక్కువైంది," అన్నాడు.

"కొత్త పుస్తకాలొచ్చాయి. చేయి అటూ ఇటూ అయింది."

"మళ్ళీనా? ఈసారి ఏంటి?"

"మొక్కల శాస్త్రం. నీకెందుకు, తిను."

నెంగ్ చెయ్యి కడుక్కుని గల్లాపెట్టె మీది పుస్తకం తీసుకున్నాడు. ప్లాస్టిక్ అట్ట వేసి ఉంది, అప్పుడే దానికి పసుపు మరక అంటింది. స్టూలు లాక్కుని కూర్చుని నాలుగు పేజీలు తిప్పాడు.

"గిన్నెలు తోము, అడుగుతాను. అరటిచెట్టుకి కాండం ఎక్కడుంటుంది?"

"ఇదీ ఒక ప్రశ్నేనా. కళ్ళెదురుగా నిలబడి ఉంటేనూ."

"తప్పు. ఆ కనపడేది ఉత్త ఆకుల మడతలు. అసలు కాండం నేలలో ఉందట."

ఇన్నేళ్ళూ అరటిబోదె తరిగి కూర వండుతున్న లమై నురగ చేతులతో అలాగే నిలబడిపోయింది. తర్వాత నవ్వు మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. స్టూలు మీద నెంగ్ కూడా నవ్వాడు. చాలా కాలానికి ఆ ఇద్దరి నవ్వూ కలిసి వినపడితే, పెరట్లో సవాత్ వెల్లుల్లి ఒలవడం ఆపి చెవి ఒగ్గాడు.