బావ చేసిన మెట్లు

ఆ అమ్మాయి మెట్లని భుజాన వేసుకుని షాపులోకి వచ్చింది. వాటి కొన తగిలి, తలుపు దగ్గర వేలాడదీసిన లైఫ్ జాకెట్లు రెండు కింద పడ్డాయి. వాటిని దాటుకుని వచ్చి, మెట్లని నా కౌంటర్ మీద, సరిగ్గా నేను రాసుకుంటున్న లిస్టు మీద పెట్టింది.

"ఇలాంటివే కావాలి," అంది.

మాది బోట్ల సామాన్ల షాపు. సరదా బోట్లకి వెనక, నీళ్లకి కాస్త పైన, బల్లలాంటి ప్లాట్‌ఫాం ఒకటి ఉంటుంది. ఈత కొట్టి అలిసిపోయినవాళ్లు మళ్లీ పైకెక్కడానికి దానికి మెట్లు వేలాడతాయి. ఇవి అవే. టేకువి, చేత్తో చేసినవి, మూడు మెట్లు. వాటి మీంచి కారే నీళ్లకి నా లిస్టు తడిసిపోతోంది. నాకు కోపం వచ్చింది.

"ఇలాంటివి ఎక్కడా దొరకవండీ. చూడండి, పై సందు తొమ్మిది అంగుళాలు, కింది సందు ఏడు. చేసినవాడికి టేపు చదవడం రాదనుకుంటాను."

"మా బావ చేశాడు."

నా చేతిలో టేపు టక్కున డబ్బాలోకి వెళ్లిపోయింది.

ప్రేమ ముందు వస్తుందని, ఈర్ష్య దాని వెనకాల వస్తుందని అందరూ అనుకుంటారు. నాకు ఈర్ష్యే ముందు వచ్చింది. ఆమె లోపలికి వచ్చి అప్పటికి నాలుగు నిమిషాలు కూడా కాలేదు. ఒక బావ ఉన్నాడని తెలిశాకే, ఎండకి పొర ఊడుతున్న ఆమె ముక్కూ, చెవి కింద తెల్లగా ఎండిన ఉప్పు గీతా నాకు కనిపించాయి.

చెక్కని స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడటం మా పద్ధతి. మంచి చెక్క మొనని ఆపుతుంది, కుళ్లిన చెక్క లోపలికి రానిస్తుంది. కింది మెట్టులో మొన అరంగుళం దిగింది. మిగతా రెండింటిలో గానీ, పక్క బద్దల్లో గానీ ఎక్కడా దిగలేదు. కింది మెట్టు ఒక్కటి మారిస్తే ఇంకో పదేళ్లు వస్తాయి.

"మొత్తం పోయిందండీ," అన్నాను. "కొత్తవి వేసుకోవాల్సిందే."

ఆ మాట బయటికొచ్చాకే అది నా గొంతని గుర్తుపట్టాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "మొత్తమా?"

"మొత్తం."

"సరే. అయితే కొత్తవి చూపించండి." ఫోన్ తీసి ఆ మెట్లని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసింది. "బావకి పంపి అడుగుతాను."

అలా మొదలై ఐదు శనివారాలు గడిచాయి.

మొదట మడిచే రకం స్టీలు మెట్లు చూపించాను.

"బావ వద్దన్నాడు. సన్న గొట్టం మీద ఒట్టి కాళ్లు నొప్పెడతాయట. అడుగు పెట్టే చోటు కనీసం మూడంగుళాల వెడల్పుండాలట."

నిజమే. నేను ఎంతోమందికి చెప్పిన మాటే అది.

తర్వాత ప్లాట్‌ఫాం కిందికి జారిపోయే రకం చూపించాను.

"పైన ఎవరూ లేనప్పుడు నీళ్లలో ఉన్న మనిషికి అందుతాయా అని అడగమన్నాడు."

ఆ రకం అందదు. అదీ నిజమే.

"మీ బావ బోట్ల పనిచేస్తాడా?"

"కాదు. వేరే ఊళ్లో కుర్చీలు చేస్తాడు."

"కుర్చీలా?"

"మంచి కుర్చీలు," అంది. ఆ 'మంచి' అన్నది వారమంతా నా చెవిలోనే ఉంది. నేను కూర్చునే స్టూలు కూడా ఆ వారమే కిర్రుమనడం మొదలుపెట్టింది.

ఇంకో శనివారం ఫోన్ నా ముందు పెట్టింది. "బావ వాయిస్ మెసేజ్ పెట్టాడు, మీరే వినండి."

నెమ్మదైన, బరువైన గొంతు. "కింది మెట్టు నీళ్ల కింద రెండడుగుల లోతులో ఉండాలని చెప్పు. అంతకంటే పైన ఉంటే మోకాలు అంత వంగదు. ఉంటానమ్మా."

"ఇంకోసారి పెట్టండి," అన్నాను.

"వినపడలేదా?"

"వినపడింది."

ఆ గొంతులో ఏదైనా వంక దొరుకుతుందేమోనని మళ్లీ విన్నాను. దొరకలేదు. ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు కాబట్టి మొహం కూడా నేనే ఇచ్చుకున్నాను, నా మొహంలో నాకు నచ్చనివన్నీ సరిచేసి.

బోటెక్కితే కళ్లు తిరిగే మా ఓనర్ని అందరూ కెప్టెన్ అంటారు. ఆయన అద్దాల మీంచి చూసి అన్నాడు: "ఏమయ్యా, ఇంజన్లు అమ్మడానిక్కూడా నాకు ఇన్ని వారాలు పట్టలేదు. అసలు వెళ్లి కొలత తీశావా?"

తియ్యలేదు. కొలత తీస్తే పని అయిపోతుంది.

నాలుగో శనివారం వెళ్లాను. జెట్టీకి కట్టేసిన చిన్న తెల్ల బోటు. జెట్టీ మీద మడత కుర్చీలో, తలకి ఈత టోపీతో, అరవై దాటిన ఒకావిడ నారింజ తొనలు తింటోంది.

"మా మేనత్త," అంది ఆ అమ్మాయి. "రోజూ ఈదేది ఈవిడే."

"మూడు మెట్లు ఎంచడానికి నెల రోజులు తీసుకున్నది ఈ అబ్బాయేనా?" అందావిడ. "ఈపాటికి మా వాడైతే మేడ కట్టేవాడు."

మా వాడు అంటే ఆ బావే. ఆవిడ కొడుకు.

"ఏమే కోడలా, ఆ తువ్వాలు ఇలా పడెయ్."

మేనత్తలు అలాగే పిలుస్తారు. తెలిసినా గుచ్చుకుంది.

ప్లాట్‌ఫాం నుంచి నీళ్లకి ఎంత దూరముందో కొలవాలి. ఆ కొలతని బట్టే మూడు మెట్లవి సరిపోతాయా, నాలుగువి కావాలా అన్నది తేలుతుంది. కొలిచేటప్పుడు బోటు వెనక ఎవరూ నిలబడకూడదు. చిన్న బోటు కాబట్టి మనిషి బరువుకి వెనక భాగం దిగిపోతుంది, నీళ్లు దగ్గరైనట్టు కనిపిస్తాయి. కొత్తగా కొన్నవాళ్లందరికీ నేనే చెప్తాను ఈ సంగతి.

ఆరోజు సన్నగా వాన మొదలైంది. నేను ప్లాట్‌ఫాం మీదికి దిగి సామాను సర్దుకుంటుంటే, ఆమె గొడుగు తెచ్చి నా పక్కన నిలబడింది. గొడుగు చిన్నది. ఆమె ఎడమ భుజం తడుస్తోంది, నా కుడి భుజం తడుస్తోంది, మధ్యలో రెండు భుజాలు పొడిగా ఉన్నాయి.

నేను అక్కణ్ణుంచే వంగి కొలిచాను.

"మీ బావ ఇటు ఎప్పుడొస్తాడు?"

"వచ్చే నెల."

"అయితే అతనే వచ్చి బిగించొచ్చుగా."

"మీరు బిగించరా?"

"బిగిస్తాను."

"మరింకేం?"

"ఏం లేదు. ఏడంగుళాలు. రాసుకోండి."

మూడు మెట్లవి చాలన్నాను.

ఐదో శనివారం అవి బిగించాను. వెడల్పాటి మెట్లు, జారకుండా గరుకు పట్టీలు, చూడ్డానికి బాగానే ఉన్నాయి. మేమిద్దరం జెట్టీ మీద నిలబడ్డాం. అత్త అరగంట ఈది బోటు వెనక్కి వచ్చింది. రెండు చేతులతో మెట్లని పట్టుకుని కాలు ఎత్తింది. మెట్టు అందలేదు. మళ్లీ ఎత్తింది.

"మెట్టేదబ్బాయ్?" అంది నవ్వుతూ.

మూడోసారి నవ్వలేదు. ఆవిడ కుడి మోకాలు కొంత వంగి, అక్కడే ఆగిపోతోంది. పెదాలు తెల్లబడ్డాయి. ఆ అమ్మాయి బోటులోకి దూకి ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది గానీ, తడిసిన మనిషిని అలా లాగడం ఎవరి తరమూ కాదు.

నేను బూట్లతోనే నీళ్లలోకి దూకాను. మెట్ల కింద గొట్టానికి ఒక చెయ్యి చుట్టి, నీళ్లలో తొడని ఆవిడ పాదం కిందికి తెచ్చాను.

"నా తొడ మీద కాలు పెట్టండి."

"నా బరువెంతో తెలుసా నీకు?"

"పెట్టండమ్మా."

పెట్టింది. తర్వాత మెట్టు మీద, తర్వాత ఆ అమ్మాయి చేతుల్లో. నా కాలి మీద ఆవిడ బరువు పడ్డప్పుడు, పాత మెట్లలో కింది సందు ఏడంగుళాలే ఎందుకు ఉందో అర్థమైంది. ఒక కొడుకు తన తల్లి మోకాలు ఎంత వంగుతుందో చూసి, అంతే ఎత్తున మెట్టు పెట్టాడు. నేను దాన్ని చూసి వెటకారం చేశాను.

అత్త లోపలికెళ్లి తువ్వాలు కప్పుకుంది. ఆ అమ్మాయి ప్లాట్‌ఫాం అంచున కూర్చుంది. నేను నీళ్లలోనే గొట్టం పట్టుకుని ఉండిపోయాను. నిజం చెప్తే ఆమె ఇక షాపుకి రాదు. చెప్పకపోతే, ఇప్పుడు నా తొడ మీద పడిన బరువు ఇక దిగదు.

"పాత మెట్లలో కుళ్లింది కిందిదొక్కటే," అన్నాను. "మొత్తం పోయిందని అబద్ధం చెప్పాను."

"తెలుసు."

నీళ్లు నా గడ్డం దాకా వచ్చి వెనక్కి వెళ్లాయి.

"ఫోటోలు చూసి బావ మొదటి రోజే చెప్పాడు. ఆ షాపతను అబద్ధం చెప్తున్నాడు, వేరే చోట అడగమన్నాడు."

"మరి వెళ్లలేదేం?"

"అమ్ముకోవడానికి చెప్పే అబద్ధమైతే ఏదో ఒకటి అంటగట్టేవారు. మీరేమో బావ వద్దన్నవన్నీ మరో మాట లేకుండా వెనక్కి పెట్టేశారు. మరి ఎందుకు చెప్పినట్టు? అది కనుక్కుందామనే వస్తున్నాను."

"మీ బావ చేశాడన్నారు. అందుకని."

"అంతేనా?"

"అతను చేసిన వాటి మీద మీరు రోజూ కాలు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. మిమ్మల్ని చూసి అప్పటికి నాలుగు నిమిషాలైంది. సిగ్గుపడాల్సిన విషయమే."

ఆమె నవ్వలేదు. "అత్తకి ఏమైనా అయ్యుంటే?"

"కొలత తప్పింది కూడా నా వల్లే. ఆరోజు మిమ్మల్ని ప్లాట్‌ఫాం మీంచి దిగమనాల్సింది. అనలేదు."

"ఎందుకు?"

"దిగుతారని."

ఆమె గొంతు తగ్గించింది. "రెండేళ్ల కిందట బావ నన్నడిగాడు. మంచివాడు. అయినా కాదన్నాను. ఆ తర్వాత నెలకి ఆ పాత మెట్లు చేసి పంపాడు, వాళ్లమ్మకి."

నాకు హాయిగా ఉండాల్సింది. లేదు. ఆమె కాదన్నాక కూర్చుని, ఒక మోకాలి కొలతకి చెక్క చెక్కుకున్న మనిషి కళ్ల ముందు మెదిలాడు. నేనైతే ఆ నెలంతా ఏం చేసేవాణ్ణి? ఇన్ని వారాల్లో అతని మీద ఈర్ష్య న్యాయంగా అనిపించింది అప్పుడే.

"వినపడుతోంది," అంది అత్త లోపల్నుంచి. "మోకాలు పోయింది గానీ చెవులు పోలేదు."

ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

తువ్వాలు భుజాన చుట్టుకుని ఆవిడ బయటికొచ్చింది. నన్ను తలనుంచి నీళ్ల దాకా చూసింది. "మా వాడు చేసినవి ఎక్కడున్నాయి?"

"షాపు వెనక భద్రంగా ఉన్నాయండీ. పారెయ్యబుద్ధి కాలేదు."

"ఆ కింది మెట్టు మార్చి నాకు తెచ్చివ్వు. ఇంట్లో పెట్టుకుంటాను." తువ్వాలు కొస బిగించుకుంది. "బోటుకి నాలుగు మెట్లవి పెట్టు. వాడేమనుకుంటాడో అని నేనూ రెండేళ్ల నుంచి దేన్నీ కదపనివ్వలేదు. చాలు. వాడికి నేను చెప్పుకుంటాను."

"అత్తా," అంది ఆ అమ్మాయి.

"ఏంటే? ఇప్పుడైనా సరిగా కొలవమను. బోటులో చీమ కూడా ఉండకూడదు." గోడు చెప్పుకుంటున్నట్టు మూలుగుతూ జెట్టీ మీదికెక్కి, మడత కుర్చీలో కూర్చుని, కాగితం, పెన్సిలు తీసుకుంది.

నాలుగు మెట్ల రకంలో ఒక్కో మెట్టునీ పైకీ కిందికీ జరిపి బిగించుకోవచ్చు. అందుకని ఎక్కేవాళ్ల మోకాలు నీళ్లలో ఎంత ఎత్తు లేస్తుందో తీసుకోవాలి. ఖాళీ బోటు వెనక నీళ్లలో నేను టేపు పట్టుకుని నిలదొక్కుకున్నాను. ఆ అమ్మాయి నీళ్లలోకి దిగి నా పక్కకి వచ్చింది.

"ప్లాట్‌ఫాం నుంచి నీళ్లకి పదకొండు," అన్నాను.

"పదకొండు," అని రాసుకుంది అత్త. "నా మోకాలు?"

"మీ మెట్టు ఏడంగుళాల సందులో పెడతానమ్మా. అది ముందే సరిగ్గా కొలిచి ఉంది."

ఆవిడ తలెత్తకుండా రాసుకుంది. తర్వాత ఆ అమ్మాయి మోకాలు ఎత్తింది. పదమూడు. అదీ రాసింది.

"అంతే," అన్నాను టేపు చుట్టబోతూ. "ఎక్కేవాళ్లు ఇద్దరేగా."

ఆ అమ్మాయి టేపు కొన వదల్లేదు.

"మరి నువ్వెక్కవా?" అంది.

నేను మోకాలు ఎత్తాను. ఆమె నీళ్లలో తల వంచి అంకె చూసింది. పద్నాలుగు అని గట్టిగా చెప్పింది.

జెట్టీ మీద పెన్సిలు ఆగింది. అత్త మా ఇద్దర్నీ చూసింది, అటుపక్క ఖాళీ బోటునీ చూసింది. ఆ తర్వాత ఒళ్లోని కాగితం మీదికి వంగి, ఆ అంకె కూడా రాసుకుంది.