గుహ బల్లి తోక

"పట్టుకో జోగన్నా! అదిగో, ఆ పగుల్లోకి దూరుతోంది!"

పరిశోధకురాలు మణిమాల అరుపు గుహంతా మారుమోగింది. మారేడుమిల్లి అడవి లోపలి ఆ గుహలో, మోకాలి లోతు నీళ్ళలో, పాలిపోయిన రంగు బల్లి కోసం ఇది ఆమె మూడో వేట. కొండను క్వారీకి ఇచ్చేయబోతున్నారు. ఈ బల్లి మరెక్కడా లేని జాతని తేలితే తవ్వకం ఆగుతుంది; ఇది కూడా బయట పాకే మామూలు బల్లేనని తేలితే కొండ పోయినట్టే. కాదని చెప్పగలిగేది దాని డీఎన్ఏ ఒక్కటే. ఏ ప్రాణికి ఏది దగ్గరి చుట్టమో, ఎప్పుడు విడిపోయాయో అందులో తెలుస్తుంది.

మొదటిసారి బల్లిని ఫార్మలిన్‌లో వేసి, చేతులారా డీఎన్ఏ పాడుచేసుకుంది. రెండోసారి గ్లౌజులు మరిచింది. "మేడమ్, ఇందులో మీ డీఎన్ఏనే ఉంది" అని ల్యాబ్‌వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దారి చూపడానికి వచ్చిన కొండరెడ్డి తెగవాడు జోగిరెడ్డి ఒక్క దూకు దూకాడు. గ్లౌజు చేతిలో తోక మిగిలింది. బల్లి మాయం!

"ఛీ, నా ఖర్మ! గునపం ఇలా తే. రాయి పగలగొడతాను!"

"వద్దండి అమ్మగారూ. తోకంటే మళ్ళీ మొలుస్తాది. దాని ఇల్లు మొలవదు గదండి."

మణిమాల గునపం మాట వదిలేసింది. తోకలోనూ అదే డీఎన్ఏ ఉంటుంది, చాలు. తీరా సంచి తెరిస్తే, తోకను నిలవ ఉంచాల్సిన స్పిరిట్ సీసా పగిలి ఉంది! ల్యాబ్ చేరడానికి రెండు రోజులు. ఈలోగా తోక కుళ్ళిపోతుంది. ఆమె రాతిమీద కూలబడి కోపంతో ఏడ్చేసింది.

జోగిరెడ్డి మొలలోంచి చిన్న సొరబుర్ర తీశాడు. గుహ దేవతకని తెచ్చిన ఇప్పసారా అది.

"మొదటి ధారండి, మీ స్పిరిట్టంత ఘాటు. పుల్ల గీస్తే భగ్గుమంటాది." దేవత పేరిట మూడు చుక్కలు రాతిమీద వదిలి, "అమ్మా, మిగతాది నీ బల్లి కోసమే" అంటూ తోక వేసిన గొట్టంలోకి వంచాడు.

అంతలో పైనుంచి హోరు! "వాగొస్తాంది! పరిగెత్తండి!" అని జోగిరెడ్డి అరిచాడు. నీళ్ళు మెడదాకా వచ్చాయి. మణిమాల గొట్టాన్ని పళ్ళమధ్య బిగించి, రాళ్ళలోకి దిగిన చెట్టువేళ్ళు పట్టుకుని పాకుతూ బయటపడింది.

రెండు నెలల తర్వాత ఆమె మళ్ళీ కొండెక్కింది.

"కొండ నిలిచింది జోగన్నా! బయటి బల్లులకీ దీనికీ చుట్టరికం తెగి కోటి ఏళ్ళు దాటిందట. దీనికి దగ్గరి చుట్టం ఎక్కడా దొరకలేదు. పాపం, ఒంటరిది."

జోగిరెడ్డికి చిర్రెత్తుకొచ్చింది. "ఒంటరిదేంటండీ? మేమంతా లేమా?"