గాలి గుహలో గొంతులు

మబ్బుగిరి దీవికి నాలుగు వైపులా సముద్రం, నడుమంతా కొండలు. చదునైన నేల తీరం వెంబడి చీర అంచంత మాత్రమే ఉండేది. ఇళ్లు, వరిమళ్లు, రేవు, భద్రకేతు మహారాజు కోట అన్నీ ఆ అంచు మీదే సర్దుకుని ఉండేవి.

ఆ దీవి పిల్లలకు ఏడాది పొడవునా ఒకటే ధ్యాస, కొండాట. వానలు వెనకపట్టి, వరి ఇంకా పాలు పోసుకోని రోజుల్లో, పన్నెండేళ్లు దాటిన పిల్లలందరూ కొండలెక్కేవారు. నడుముకు తాళ్లు కట్టుకుని బండలు ఎగబాకేవారు. జలపాతాల కింద జారేవారు. వెదురుబొంగుల్లో అన్నం వండుకుని గుహల్లో పడుకునేవారు. దిగి వచ్చేసరికి మోకాళ్లు చెక్కుకుపోయి, జుట్టు అట్టలు కట్టి, ఎవరి పిల్లలో తల్లులు కూడా ఒక క్షణం ఆగి పోల్చుకోవలసి వచ్చేది.

దీవిలో ఇంకో ఆచారం ఉండేది. దాని పేరు సగంకాటు. పండు గానీ రొట్టె గానీ చేతిలోకి తీసుకున్నవాళ్లు, ముందు తాము సగం కొరికి మిగతాది ఎదుటివాళ్లకు ఇవ్వాలి. నేను తిన్నదే నీకు పెడుతున్నాను, ఇందులో వంచన లేదు అని దాని అర్థం. సగంకాటు కాదన్నవాళ్ల గడప మళ్లీ ఎవరూ తొక్కేవారు కాదు.

ఒక ఏడు, ఏదో ఓడలోంచి జామపండ్ల గంపతో ఒక ముసలిది రేవులో దిగింది. అరుగు అరుగుకూ వెళ్లి కూర్చుంది. పండు కొరికి సగం ఇచ్చింది. అందరూ తిన్నారు. ఆమె కనబడకుండా పోయిన కొద్దిరోజులకే దీవిలో మూగజ్వరం పుట్టింది. అది వచ్చినవాళ్లకు ముందు గొంతు పోతుంది, తరువాత ఊపిరి పోతుంది. కొండ మీంచి రావలసిన గాలి కూడా అప్పుడే ఆగిపోయింది. ఆకు కదలదు, తెరచాప నిండదు.

"ఎవరి కంచం వారిది, సగంకాటు వద్దు" అని రాజు చాటింపు వేయించాడు. చాటింపు వేసి వచ్చిన డప్పువాడి నోరు ఎండిపోయిందని, మంత్రిగారే జాలిపడి అరటిపండు సగం కొరికి అతనికి అందించాడు. అలవాటు అలాంటిది. త్వరలోనే ఇద్దరూ మూగబోయారు.

చివరికి రాజు పిల్లలనైనా కాపాడుకుందామనుకున్నాడు. ఈ ఏడు కొండాట ముందే మొదలవుతుందని కబురు చేశాడు. జ్వరం తగ్గేదాకా వాళ్లను కిందికి తేవద్దని, ఎవరింట్లో ఏం జరిగినా వాళ్లకు చెప్పవద్దని కొండపెద్ద సన్యాసమ్మకు ఆజ్ఞ ఇచ్చాడు. పిల్లలు మాత్రం సెలవులు పెరిగాయని మురిసిపోయారు.

తాళ్లు పేనే సూరయ్య కూతురు పైడి ఒక్కతే మొహం ముడుచుకుని కొండెక్కింది. బయలుదేరే పొద్దున తల్లి వరాలమ్మ ఆమె దగ్గరికి రాలేదు. చిమ్మిలి ఉండ ఒకటి ఆకులో చుట్టి గుమ్మంలో పెట్టి, తాను వంటింటి తలుపు వెనక నిలబడింది. పైడి విప్పి చూస్తే ఉండ గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉంది. తల్లి దాన్ని కొరకలేదు.

"ఇదేంటమ్మా, కాటు పడలేదు" అంది పైడి.

"ఊరికే నిలబడతావేం, పొద్దెక్కుతోంది, పో" అంది వరాలమ్మ.

ముందురోజు నీళ్లకుండ పగలగొట్టినందుకు అమ్మకు ఇంకా కోపం పోలేదనుకుంది పైడి. వెళ్లొస్తానని కూడా చెప్పకుండా నడిచింది. ఉండను తినబుద్ధి కాక కొంగున ముడి వేసుకుంది.

కొండ మీద ఆటలు బాగానే సాగాయి. రేవు పక్కింటి లచ్చన్న తాడుకు వేలాడుతూ, "పైడీ, ఇది మీ నాన్న పేనిన తాడేనా, జంతికల పిండి ఒత్తాడా?" అని ఏడిపించేవాడు. "నువ్వు ఎక్కాక ఏ తాడైనా జంతికలాగే అవుతుందిరా" అని ఈమె అనేది. అలా నవ్వుతూనే పైడి పొద్దున్నే బండ చివరికి వెళ్లి ఊరివైపు చూసేది. అంత పైనుంచి మనుషులు కనబడరు. వంటింటి పొగలు కనబడతాయి. ఊళ్లో అందరికంటే ముందు లేచే పొగ వరాలమ్మ పొయ్యిదే. గాలి లేక ఆ పొగలన్నీ గుంజలు పాతినట్టు నిటారుగా నిలబడేవి.

ఒక పొద్దున ఆ మొదటి పొగ లేవలేదు. మిగతావన్నీ ఒకటొకటిగా లేచాయి, అది లేవలేదు. మర్నాడూ లేవలేదు.

పైడి సన్యాసమ్మ ముందుకు వెళ్లి నిలబడింది. "పెద్దమ్మా, మా ఇంట్లో పొయ్యి వెలగలేదు."

సన్యాసమ్మ తాడు చుట్టడం ఆపింది. "కట్టెలు తడిసుంటాయి."

"వానే లేదు కదా."

సన్యాసమ్మ తాడు పక్కన పెట్టింది. తరువాత, "మీ అమ్మకు జ్వరమని మనం ఎక్కిన నాడే తెలుసు. అంతకు మించి నాకూ తెలియదు" అంది. "ఈ దీవికి ఊపిరి శిఖరం మీది గాలి గుహలోంచి వస్తుంది. దాన్ని ఎవరో మూసేశారు. అది తెరుచుకుంటే జ్వరం పోతుందని మా తాత చెప్పేవాడు. నా మోకాళ్లు అంత దూరం రావు. వచ్చినా ఇంతమంది పిల్లలను ఎవరికి వదిలి వెళ్లను?"

"నేను వెళతాను" అంది పైడి.

సన్యాసమ్మ ఆమె నడుము తాడును తానే కట్టింది. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది.

శిఖరం కింద నిలువుగోడలాంటి బండ ఉంది. దానికి అడ్డంగా తాటిచెట్టంత ఉడుము ఒకటి కరుచుకుని ఉంది. అది కదిలితే తప్ప కాలు పెట్టే చోటు లేదు.

"ఎందుకు ఎక్కుతున్నావు?" అని అడిగింది ఉడుము.

"దీవిని రక్షించడానికి."

ఉడుము కళ్లు మూసుకుంది. "ఇది వినీ వినీ నా చెవులు తుప్పుపట్టాయి. అబద్ధం బరువెక్కువ పిల్లా, నేను మోయలేను."

పైడి కిందికి, ఊరివైపు చూసింది. "మా అమ్మ కోసం" అంది. "దీవి సంగతి తరువాత గుర్తొచ్చింది."

"ఇది మోయగలను" అని ఉడుము తోక కిందికి వదిలింది. పైడి దానికి తాడు వేసి పట్టుకుంటే, అది గోడ మీద పాకుతూ ఆమెను పైకి చేర్చింది.

పైన మబ్బులు దిగే అడవిలో ఒక ముని రాతి మీద కూర్చుని ఉన్నాడు. అలసిన పైడి చెంగున ఉన్న ఉండ తీసి, అలవాటుకొద్దీ ఆయనకు సగం ఇద్దామని కొరకబోయింది.

"ఆగు తల్లీ" అన్నాడు ముని. "కొరకని ఉండ ఈ దీవిలో మొదటిసారి చూస్తున్నాను. ఎవరిచ్చారు?"

"మా అమ్మ. నా మీద కోపం ఆవిడకి."

"కోపం వచ్చినవాళ్లు నువ్వులు వేయించి, బెల్లం దంచి, ఉండ చేసి ఇస్తారా?"

పైడి ఉండ వైపు చూసింది. తలుపు వెనక నుంచి వచ్చిన అమ్మ గొంతు ఆ పొద్దున కాస్త బొంగురుగా ఉందని ఇప్పుడు గుర్తొచ్చింది. దగ్గరికి రాకపోవడం, ముఖం చూపకపోవడం, కొరకకపోవడం అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఆమె అక్కడే మోకాళ్ల మీద కూలబడి ఏడ్చింది. ముని ఆపమనలేదు. ఏడుపు దానంతటది తగ్గేదాకా కూర్చున్నాడు.

"గుహకు మూగమారి అనే రాక్షసి కాపలా ఉంది. మీ రేవులో దిగిన ముసలిది అదే" అని చెప్పాడు. "దోచుకున్న గొంతులను శంఖాల్లో దాచి, ఆ శంఖాలతో గుహకు గోడ కట్టింది. ఒక్క శంఖం పగలకుండా మిగిలినా గాలి రాదు. పగిలినప్పుడు వెచ్చని శంఖంలోని గొంతు దాని మనిషి దగ్గరికి తిరిగి పోతుంది."

"చల్లని శంఖాలు కూడా ఉంటాయా స్వామీ?"

ముని తల వంచుకున్నాడు. "ఉంటాయి" అన్నాడు.

గుహ ముందు ముసలిది గంప పెట్టుకుని కూర్చుని ఉంది. పైడిని చూసి నోరంతా తెరిచి నవ్వింది.

"ఎండన పడి వచ్చావు మనవరాలా. మొహం చూడు, ఎలా వాడిపోయిందో." జామపండు ఒకటి తీసి సగం కొరికి ఆమెకు చాచింది. "తీసుకో. ముసలిదాని ఎంగిలి అని అసహ్యమా? మీ దీవిలో కాదన్న పిల్ల ఇంతవరకు పుట్టలేదే."

పైడి చేయి దానంతటదే ముందుకు పోయింది. పెద్దవాళ్లు పెట్టింది కాదంటే ఆమె చెంపలు సిగ్గుతో మండుతాయి. అయినా ఆమె చేయి వెనక్కి తీసుకుంది. కొంగు విప్పి, దూరంగా ఒక రాతి మీద కూర్చుని, చిమ్మిలి ఉండను తానే తినడం మొదలుపెట్టింది.

"నీ పండు నువ్వు తినవ్వా. నాకు మా అమ్మ పెట్టింది ఉంది."

"ఒంటిగా తింటావా? సిగ్గులేదూ?"

"ఉంది. అయినా తింటాను."

మూగమారి బతుకంతా ఎదుటివాళ్లు తినే సగం మీదే ఆధారపడి ఉంది. ఆ సగం ఎవరూ తీసుకోకపోతే, అందులోని జ్వరంతో సహా దాన్ని తానే మింగాలి. పండు తనంతట తాను వెనక్కి తిరిగి దాని నోట్లోకి పోయింది. మూగమారి అరవబోయింది, గొంతు రాలేదు. ఊపిరి కోసం వెతుక్కుని, అదీ దొరక్క, ఎండుటాకుల పొడిలా రాలిపోయింది. గంప మాత్రం మిగిలింది.

పైడి రాయి తీసుకుని గోడ పగలగొట్టసాగింది. మొదటి శంఖం వెచ్చగా ఉంది. పగలగానే మంత్రిగారి గొంతు తుమ్ముతూ బయటపడి కొండ దిగిపోయింది. ప్రతి శంఖంలోనూ ఆ మనిషి చివరిసారి అన్న మాట ఉంది. ఎవరో మేకను తిడుతున్నారు, ఎవరో ఉప్పు అడుగుతున్నారు. ఒక వెచ్చని శంఖంలోంచి "వరాలూ, వరాలూ" అని నాన్న గొంతు వినబడింది. పైడి దాన్ని జాగ్రత్తగా పగలగొట్టి పంపింది.

కొన్ని చల్లగా ఉన్నాయి. వాటిని పగలగొట్టే ముందు చెవి దగ్గర పెట్టుకుని, విని, దణ్ణం పెట్టింది.

ఆఖరున ఒక్కటి మిగిలింది. ముట్టుకోగానే చేయి వెనక్కి తీసుకుంది. ఏటినీళ్లలోంచి తీసిన రాయిలా ఉంది అది. ఒడిలో పెట్టుకుని అరచేతులతో రుద్దింది. ఎండలో పెట్టింది. చీర కొంగులో చుట్టింది. ఎంతసేపటికీ అది వెచ్చబడలేదు. అప్పుడు చెవి దగ్గర పెట్టుకుంది.

"గుమ్మం దాటి రాకయ్యా, అక్కడే ఉండు. చెబితే వినవు కదా" అంది వరాలమ్మ. "పిల్లకి కబురు పంపకు. ఆటలో ఉంటుంది, ఆడుకోనీ."

పైడి మళ్లీ విన్నది. మళ్లీ విన్నది. ఒక్కటే కదా, దీన్ని ఇంటికి తీసుకుపోతాను అనుకుంది. గుహ ముఖం బార్లా తెరుచుకుని ఉంది గానీ లోపలి నుంచి గాలి రాలేదు. కింద ఊళ్లో పొగలు నిటారుగానే ఉన్నాయి. ఆమె చూస్తుండగానే రేవు పక్కన ఒక పొగ సన్నబడి, తెగిపోయింది. అది లచ్చన్న వాళ్ల ఇల్లు. లచ్చన్న ఈ వేళ కూడా కింది బండ మీద ఎవరినో ఏడిపిస్తూ ఉంటాడు.

పైడి శంఖాన్ని చెంపకు ఆనించుకుంది. ఆ పొద్దున చెప్పకుండా వచ్చిన మాట ఇప్పుడు చెప్పింది. "వెళ్లొస్తానమ్మా."

తరువాత రాయి ఎత్తి కొట్టింది.

అమ్మ గొంతు బయటికి వచ్చి, ఆమె జుట్టును ఒకసారి కదిపి, ఎటూ పోకుండా అక్కడే గాలిలో కలిసిపోయింది. దాని వెనకే గుహలోంచి దీవి ఊపిరి బుసబుసలాడుతూ వచ్చింది. చెట్లు వంగాయి. కింద పొగలన్నీ ఒక్కసారి సముద్రం వైపు వాలాయి. రేవులో తెరచాపలు నిండాయి.

పిల్లలూ, దీవికి జరిగిన మంచి అంతా ముందు చెప్పేస్తాను. మూగజ్వరం పోయింది. లచ్చన్న వాళ్ల అమ్మ బతికింది. సంతానం లేని భద్రకేతు మహారాజు పైడిని దత్తు తీసుకున్నాడు, ఆయన తరువాత ఆమే దీవిని ఏలింది. కొరికి ఇవ్వడం మాని, కొరకకముందే చేత్తో రెండు చేసి పెద్ద ముక్క ఎదుటివాళ్లకు ఇవ్వాలని కట్టడి చేసింది. ఇప్పటికీ అక్కడ అలాగే ఇస్తారు.

కానీ అవన్నీ తరువాత. కొండ దిగిన నాడు పైడి ఎక్కడా ఆగకుండా ఇంటికి వెళ్లింది.

సూరయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన సగం పేనిన తాడు ఉంది. కూతురిని చూసి లేవబోయి లేవలేకపోయాడు. తిరిగొచ్చిన గొంతు ఇంకా కుదురుకోలేదు.

"నీకు కబురు పంపలేదమ్మా" అన్నాడు. "పంపాలనే అనుకున్నాను."

"తెలుసు నాన్నా. అమ్మ వద్దంది."

"నీకెలా తెలుసు?"

"విన్నాను. శంఖంలో ఉంది."

సూరయ్య తాడు పోగును వేళ్ల మధ్య నలిపాడు. "ఎలా ఉంది గొంతు?" అని అడిగాడు చివరికి. "ఆఖర్న నాకు సరిగా వినబడలేదు. గుమ్మం అవతల ఉన్నాను."

"మామూలుగానే ఉంది నాన్నా. నిన్ను కసురుతోంది."

సూరయ్య నవ్వాడు. ఆ నవ్వు సగంలో విరిగి ఏడుపయింది. పైడి అరుగెక్కి ఆయన పక్కన కూర్చుని, పేనకుండా ఆగిపోయిన తాడు రెండో కొస పట్టుకుంది.