అడుగున ఉన్న చింతచిగురు

"ఫణీ, ఓసారి ఇలా రాయే. నన్ను పట్టుకో."

ఫణిశ్రీ హోంవర్క్ వదిలి వంటింట్లోకి పరిగెత్తింది. కొత్త ఫ్రీజర్ మూత తెరిచి ఉంది. నాయనమ్మ అందులోకి వంగి, ఒక చేత్తో నడుం పట్టుకుని ఆగిపోయింది.

"ఏం కావాలి నాయనమ్మా?"

"చింతచిగురు. అడుక్కెల్లిపోనాది. వంగితే లేవలేకపోతన్నాను."

ఫణిశ్రీ ఆమెను మెల్లగా లేపి కుర్చీలో కూర్చోబెట్టింది.

నాన్న రైల్వే ఉద్యోగి. విజయనగరం వెళ్లినప్పుడల్లా గోంగూర, చింతచిగురు సంచుల నిండా రాయ్‌పూర్‌లోని తమ ఇంటికి తెస్తాడు. నాయనమ్మ వాటిని శుభ్రం చేసి ఏడాదికి సరిపడా దాస్తుంది. ఈ ఫ్రీజర్ కొన్నది అందుకే.

కొన్న రోజు షాపులో నాన్న, ఫణిశ్రీ రెండు రకాలు చూశారు. ఒకటి బీరువాలా నిలబడి ఉంది, లోపల సొరుగులు. రెండోది ట్రంకుపెట్టెలా మూత పైకి తెరుచుకుంటుంది. ఐస్‌క్రీం కొట్లో ఉండేది అదే. ఫణిశ్రీ మనసు దాని మీదే పడింది.

"నాయనమ్మకి ఏది వీలుగా ఉంటుందో అడుగు" అని నాన్న ఫోన్ ఇచ్చాడు.

నాయనమ్మ ఎప్పటిలాగే "మీకేది నచ్చితే అదే" అంది.

మన మహాతల్లి ఫణిశ్రీ ఫోన్ పెట్టేసి, "పెట్టెలాంటిదే కావాలట నాన్నా" అంది.

ఇప్పుడు నాయనమ్మ నడుం రాసుకుంటూ, "ఇంక చిగురు జోలికెల్లనులే. మీ నాన్నకి సెప్పకు, బాధపడతాడు" అంది.

చింతచిగురు పప్పంటే నాయనమ్మకు ప్రాణం. ఫణిశ్రీకి ఏడుపొచ్చింది.

సాయంత్రం నాన్న రాగానే గుమ్మంలోనే చెప్పేసింది. "నాయనమ్మ అలా అనలేదు నాన్నా. నేనే కల్పించాను."

నాన్న లోపలికెళ్లి ఫ్రీజర్ బిల్లు వెతికి తీశాడు. "షాపువాళ్లు మార్చం అంటే?"

"రోజూ నేనే తీసిస్తాను."

"నువ్వు స్కూల్లో ఉన్నప్పుడో?"

ఫణిశ్రీ షాపు నంబరు కలిపి ఫోన్ నాన్న చేతికిచ్చింది.

షాపాయన సణిగాడు గానీ, మారుస్తానన్నాడు. ఈసారి నాయనమ్మను కూడా తీసుకెళ్లారు.

"బోలో బేటీ, కౌన్‌సా చాహియే?" అని, ఏది కావాలో ఆయన ఫణిశ్రీనే అడిగాడు.

ఫణిశ్రీ ఒక స్టూలు తెచ్చి, నిలువు ఫ్రీజర్ ముందు వేసింది.

"కూర్చో నాయనమ్మా. అడుగు సొరుగు లాగు."

"నాకేటి తెలుసే? మీకేది నచ్చితే..."

"లాగి చూసి చెప్పు."

నాయనమ్మ లాగింది. మూసింది. మళ్లీ లాగింది. కొడుకు వైపు, మనవరాలి వైపు మొహమాటంగా చూసింది.

"బాగానే ఉంది గానీ, సొరుగు కొంచెం గట్టిగా ఉందిరా. ఆ పక్కదేటి? అదీ సూద్దుం."

ఫణిశ్రీ స్టూలు ఎత్తి పక్క ఫ్రీజర్ ముందు పెట్టింది.