పురుడు వెళ్ళాక

కరామాలోని ఆ ఫ్లాట్‌లో సీతాదేవి పొద్దున్నే స్నానం చేసి మడిచీరతో వంటకు దిగింది. దుబాయ్‌కి ఆవిడతోపాటు మడి కూడా విమానమెక్కి వచ్చింది. హాస్పిటల్‌కు పట్టుకెళ్ళే పాల సీసాల కోసం కోడలు అమూల్య ఫ్రిజ్ దగ్గరికి రాగానే, ఆవిడ కుచ్చిళ్ళు లాక్కుని పక్కకు జరిగింది. పురిటి మైల మరి.

పుట్టిన మర్నాడు బాబు ఆకుపచ్చగా పసరు కక్కుకుంటే మొదట చూసింది సీతాదేవే. తొట్టికి దూరంగా నిలబడి కేకలు వేసిందే తప్ప ఎత్తుకోలేదు. చిన్నపేగు పుట్టుకతోనే మూసుకుపోయిందన్నారు డాక్టర్లు. గుండెలో రంధ్రం ఉంది, డౌన్ సిండ్రోమ్ కూడా అన్నారు. పేగుకు ఆపరేషన్ చేశారు. అప్పట్నుంచి ఇంటిల్లిపాదీ ఒక్క విరేచనం కోసం ఎదురుచూస్తున్నారు.

హాస్పిటల్‌లో ఉన్న కొడుకు చైతన్య ఫోన్ చేశాడు.

"అమ్మా, బాబు దొడ్డికెళ్ళాడే! పేగు పనిచేస్తోంది! డైపర్ ఫొటో పెట్టాను చూడండి!"

అమూల్య నవ్వుతూనే ఏడ్చేసింది. "అత్తయ్యా, మీరూ రండి. నానమ్మని లోపలికి రానిస్తారట. ఒక్కసారి వాణ్ణి ముట్టుకోండి."

"ఎల్లుండి పురుడు వెళ్ళాక ఎత్తుకుంటానమ్మా. ఎక్కడికి పోతాడు?"

"ఆ మాట డాక్టర్లే చెప్పలేకపోతున్నారు! పిల్లాడు అలా పుట్టాడనేగా మీకింత మైల?"

"అంత మాటనకే! వాడు నా మనవడు."

"మరి ముట్టుకోరేం?"

సీతాదేవి పొయ్యి వైపు తిరిగింది. అమూల్య పాల సీసాలు తీసుకుని ఒక్కతే వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి చైతన్య ఏడుపే వినిపించింది. కోలుకున్న పేగుకు తోడుగా గుండె నిలవలేదు.

సీతాదేవి మడిచీరతోనే టాక్సీ ఎక్కింది. నర్సు గొట్టాలన్నీ తీసేసి, తెల్లటి గుడ్డలో చుట్టి బాబును అందిస్తే రెండు చేతులూ చాచి గుండెకు హత్తుకుంది. వాడి ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది.

"ఎల్లుండి ఎత్తుకుంటానన్నాను కదరా నాన్నా! ఒక్క రెండ్రోజులు ఆగలేకపోయావా!" అని గొల్లుమంది.

అంతా అయ్యాక ఇంటికొచ్చారు. "గీజర్ వేశానమ్మా, స్నానం చేద్దువుగాని లే" అన్నాడు చైతన్య.

ఆవిడ తన అరచేతులు వాసన చూసుకుంది. పాల వాసన.

"ఇవాళ్టికి వద్దురా. కడిగేసుకుంటే నాకింకేం మిగుల్తుంది?"

గుమ్మంలో నిలబడి అమూల్య ఆ మాట విన్నది. వచ్చి అత్తగారి ఒళ్ళో తల పెట్టి భోరుమంది. సీతాదేవి కుచ్చిళ్ళు లాక్కోలేదు. ఆ చేతులతోనే కోడలి తల నిమురుతూ కూర్చుంది.