నేర్పినవాళ్ళే వేలాడాలి

అమ్మాయి మీద పూలు పడేలా చేసిన కుర్రాళ్ళ కథలు మీరు చాలానే విని ఉంటారు. మన బోర్డు బాబు ఏకంగా స్టీలు పైపే పడేశాడు.

మీద కాదు లెండి, పక్కన. జానెడు దూరంలో. అప్పటికి ప్రేమా గీమా ఏమీ లేదు కూడా. కళ్ళజోళ్ళ దుకాణానికి కొత్త బోర్డు బిగించాలని మేడ మీద నిలబడి, పైపుకి తాడు కట్టి పైకి లాగుతున్నాడు. పైపు నున్నగా ఉంది, అందులో మొహం చూసుకోవచ్చు. సగం దూరం వచ్చాక తాడులోంచి సర్రున జారి, సైకిలు దిగుతున్న ఓ అమ్మాయి పక్కన ఖంగుమని పడింది.

సైకిలు పడిపోయింది. అమ్మాయి పడలేదు. తలెత్తి చూసింది. ఆ చూపుకి బాబు చేతిలో మిగిలిన తాడు కూడా జారిపోయింది.

"దెబ్బ తగిలిందాండీ?" అని పైనుంచి అరిచాడు.

"తగిలితే ఇలా నిలబడి మాట్లాడతానా? ఎవరు కట్టారీ ముడి?"

"నేనేనండీ."

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఫోన్లో. వీడియో చూసి."

"పూర్తిగా చూశారా?"

అబద్ధమాడదామనుకున్నాడు గానీ నోట్లోంచి నిజమే వచ్చింది. "మధ్యలో యాడ్ వచ్చిందండీ."

ఆమెకి నవ్వొచ్చింది. కోపంగా ఉన్నప్పుడు నవ్వు రావడం ఆమెకి నచ్చలేదు. అందుకని కింద పడ్డ తాడు తీసుకుని పైపు చుట్టూ నాలుగు చుట్లు చుట్టి, ఏదో మెలిక తిప్పి, పైపు కొస మీంచి తొడిగి ఒక్క గుంజు గుంజింది. రెండో కొసని మేడ మీదికి విసిరి, "ఇప్పుడు లాగండి" అంది.

లాగాడు. పైపు బుద్ధిగా మేడెక్కింది.

"ఇదేం ముడండీ?"

"ఉడుంపట్టు. మా ఇంటి ముడి. వీడియోల్లో వెతక్కండి, దొరకదు" అనేసి సైకిలెక్కి వెళ్ళిపోయింది. బాబు చాలాసేపు ఆ ముడి విప్పలేదు. పని ఆగిపోయిందని కళ్ళజోళ్ళాయన కింద నుంచి గొణుగుతూనే ఉన్నాడు.

ఆమె ఎవరో కనుక్కోవడానికి పెద్ద కష్టపడాల్సిన పని లేకపోయింది. వెనక వీధిలో రేకుల షెడ్డు ఒకటుంది. నీళ్ళ ట్యాంకులు, ఇనుప స్తంభాలు, కరెంటు మోటార్లు, ఏవైనా సరే మేడల మీదికి ఎక్కించిపెట్టే మేస్త్రిగారి జట్టు అక్కడే ఉంటుంది. ఆమె ఆయన ఒక్కగానొక్క కూతురు. సాయంత్రానికి బాబు తల దువ్వుకుని ఆ షెడ్డు ముందు తేలాడు.

మేస్త్రి మోకాలికి పట్టీ చుట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"మా అమ్మాయి పక్కన పైపు పడేసింది నువ్వేనా?"

"అవునండీ. క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను. వీలైతే ఆ ముడి కూడా నేర్చుకుందామని."

"రెంటిలో ఏది ముఖ్యం?"

"మీరెలా అంటే అలాగండీ."

మేస్త్రి మీసం చాటున నవ్వుకున్నారు. "ముడిదేముంది, నేర్పుతాం. కానీ మా దగ్గర ఒక పద్ధతుంది. నేర్చుకున్నవాడు అదిగో, ఆ పైపుకి ముడి కడతాడు. నేర్పినవాళ్ళు దాని మీద వేలాడతారు."

షెడ్డు దూలం నుంచి ఓ నున్నటి పైపు నిటారుగా వేలాడుతోంది. కింది కొస గాల్లో, మనిషి ఎత్తుకి పైనే ఉంది. పట్టు ఏమాత్రం సడలినా తాడు ఆ కొస దాకా జారి ఊడిపోవడమే.

"నేర్చుకున్నవాడు కదండీ వేలాడాల్సింది?"

"వాడి నడుం విరిగితే నేర్పినవాడికేం నొప్పి? అరకొరగా చెప్పి పంపేస్తాడు. తన నడుమే అయితే ఒళ్ళు దగ్గర పెట్టుకుని నేర్పుతాడు."

"నేను నేర్పుతాను నాన్నా" అంది లోపల్నుంచి ఓ గొంతు.

తన మొహం చూసే ఒప్పుకుందని బాబు మురిసిపోయాడు. పాపం, అతనికి తెలియని సంగతి ఒకటుంది. మేస్త్రి మోకాలు ఇక నిచ్చెనలెక్కే స్థితిలో లేదు. "కట్టడం మన జట్టులో అందరికీ వచ్చు. నేర్పడం వచ్చినవాళ్ళే మేస్త్రి" అని ఆయన కూతురికి ఎప్పుడో చెప్పేశారు. "ఒక్కళ్ళకి నేర్పి చూపించు, జట్టు నీ చేతిలో పెడతాను. లేదంటే బయటి మేస్త్రిని తెచ్చుకుంటాను." తాళ్ళ చుట్టల మీద నిద్రపోతూ పెరిగిన పిల్ల అది. ఆ జట్టు తనదవ్వాలని తప్ప ఇంకేమీ కోరుకోలేదు. సరిగ్గా అప్పుడే మన వీరుడు తల దువ్వుకుని వచ్చాడన్నమాట.

పాఠాలు మొదలయ్యాయి. బాబు ఆమెకి ఎదురుగా స్టూలు వేసుకున్నాడు.

"అక్కడ కాదు. ఎదురుగా కూర్చుంటే అన్నీ తిరగబడి కనిపిస్తాయి. ఇలా పక్కన కూర్చోండి."

బాబు ఎంతమాత్రం అభ్యంతరం చెప్పలేదు.

"నాది ఎడమ చెయ్యి వాటం. మా జట్టులో అందరూ కుడికి చుడితే నేను ఎడమకి చుడతాను. పట్టు మాత్రం ఒకటే. మీరు కావాలంటే మీ వాటంగా..."

"వద్దండీ. మీరెలా చేస్తే అలాగే చేస్తాను."

నాలుగు చుట్లు వెయ్యాలి. కొసను కిందికి తేవాలి. వెనకాల ఉచ్చు వదులుగా వదలాలి. ఆ ఉచ్చును ముందుకి తెచ్చి రెండు తాళ్ళ మీదుగా పైపుకి తొడగాలి. బరువు వెయ్యకముందే బిగించాలి. చెప్పడానికి ఇంతే. ఉచ్చు తొడిగే చోట బాబు రోజూ బోల్తా పడేవాడు. లాగగానే ముడి మొత్తం విడిపోయి ఒళ్ళో పడేది.

"మీరు నా చేతులు చూడట్లేదు" అందామె ఓ రోజు.

"చూస్తూనే ఉన్నానండీ."

"చేతులు ఇక్కడున్నాయి. మొహం మీద కాదు."

బాబు చెవులు ఎర్రబడ్డాయి. అదే సమయానికి రేకుల మీద వాన దబదబా మొదలైంది. ఆ చప్పుడులో పాఠం వినబడదు. ఆమె అరిచి చెప్పడం, అతను చెయ్యి చెవికి అడ్డం పెట్టుకోవడం. "తాడు లాగండి" అంటే వినబడలేదన్నాడు. "లాగమంటున్నా!" అంటే వినబడలేదన్నాడు. చివరికి ఆమెకి విసుగొచ్చి, "లాగవయ్యా బాబూ, లాగు!" అని గట్టిగా కేకేసింది. వాన ఉన్నట్టుండి ఆగడంతో ఆ కేక షెడ్డంతా మోగింది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ రోజు నుంచి మీరు పోయి నువ్వు వచ్చింది.

తాడు చుట్టలు పెడుతూ ఆమె ఓ మాటంది. "ముడి వచ్చేసిందంటే ఇక నీకీ షెడ్డుతో పనుండదులే. హాయిగా నీ బోర్డులు నువ్వు చేసుకోవచ్చు."

మామూలుగానే అంది. కానీ ఆ మాట బాబుని వదల్లేదు. మర్నాడు పొద్దున్నే తన బోర్డుల కొట్లో ఓ పైపుకి తాడు కడితే, చూడకుండానే ఉడుంపట్టు పడింది. ఎంత గుంజినా ఊడలేదు. ఇన్నాళ్ళూ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన విద్య, ఇప్పుడెందుకొచ్చిందా అని దిగులుపడ్డాడు.

సాయంత్రం షెడ్డులో ఉచ్చును తప్పుగా తొడిగాడు. కావాలనే.

"అయ్యో, మళ్ళీనా! ఇటివ్వు" అని ఆమె అతని వేళ్ళు పట్టుకుని మొదటి నుంచి చూపించింది. బాబుకి ఆ తప్పు చాలా బాగా నచ్చింది. మర్నాడూ చేశాడు. ఆ తర్వాత కొత్త కొత్త తప్పులు కనిపెట్టాడు. ఇంత తెలివి బోర్డుల మీద పెట్టి ఉంటే ఈపాటికి ఇంకో కొట్టు తెరిచేవాడు.

అయితే ఆమె నవ్వడం తగ్గిపోయింది. ఓ సాయంత్రం ముడి విడిపోయాక, తాడు ఒళ్ళో పెట్టుకుని, "నాకు నేర్పడం రాదేమో" అని మెల్లిగా అంది. బాబుకి ప్రాణం చివుక్కుమంది. ఇక చాలు, రేపు సరిగ్గా కట్టేయాలి అనుకున్నాడు.

కానీ సంగతి మర్నాడు సాయంత్రం దాకా ఆగలేదు. టైలరుగారి బోర్డు ఎక్కిస్తూ, పైపుకి తాడు కట్టి గోడకి ఆనించి టీకి వెళ్ళాడు. టీ గ్లాసుతో తిరిగొచ్చేసరికి, సైకిలు పట్టుకుని ఆమె ఆ పైపు ముందు నిలబడి ఉంది.

"ఈ ముడి ఎవరు కట్టారు?"

"ఎవరో... పనివాడు..."

"ఈ ఊళ్ళో ఉడుంపట్టు ఎడమకి చుట్టేది నేనొక్కదాన్నే. నేను కట్టలేదు."

బాబు టీ గ్లాసు వెనక్కి దాచుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి వచ్చు?"

"కొన్నాళ్ళుగా."

"అంటే రోజూ నా ముందు నాటకం ఆడారన్నమాట."

ఆడారు అంది. మళ్ళీ మీరు వచ్చేసింది. నాలుగు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఆమె మాత్రం తిట్టలేదు. జట్టు సంగతీ, నాన్న పెట్టిన షరతూ చెప్పి, "నాకు నేర్పడం రాదని నిన్న నేనే నాన్నతో ఒప్పుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం బయటి మేస్త్రి వస్తున్నాడు. రేపటి నుంచి మీరు రానక్కర్లేదండీ" అంది. వెళ్తూ సైకిలు ఎక్కలేదు, నడిపించుకుంటూ వెళ్ళింది. వెనక నుంచి చూస్తున్న బాబుకి తన మీద తనకే అసహ్యం వేసింది.

గ్లాసు గోడ మీద పెట్టేసి, వేరే దారిన పరిగెత్తి మేస్త్రి ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదండీ. ఆమె బంగారంలా నేర్పింది. నేనే రానట్టు నటించాను. పరీక్ష పెట్టండి."

ఎందుకు నటించావని ఆయన అడగలేదు. అడగనందుకు బాబుకి ఇంకా కంగారేసింది. "పెడతాను. కానీ వేలాడాల్సింది నువ్వు కాదు, మా అమ్మాయి. అబద్ధమాడిన చేతుల మీద వేలాడాలో లేదో అదే తేల్చుకోవాలి. ఆదివారం పొద్దున రా" అన్నారు.

ఆదివారం పొద్దున బాబు అమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాడు. నిజానికి ఆవిడే అతన్ని వెంటబెట్టుకుంది. ఆవిడ నెత్తిమీద పరుపు చుట్ట ఉంది.

"పరుపెందుకమ్మా?"

"నీ బూట్ల లేసులు నిన్నమొన్నటి దాకా నేనే కట్టాన్రా. పిల్ల నడుం విరిగితే వాళ్ళ ముందు ఏ మొహం పెట్టుకుని మాట్లాడను?" అని పైపు కింద పరుపు పరిచి, నాలుగు మూలలా సర్ది, పక్కనే చతికిలబడింది.

మేస్త్రి కూతురు వచ్చింది. బాబు వైపు చూడలేదు. జట్టువాళ్ళు గోడవారగా నిలబడ్డారు. బాబు నిచ్చెనెక్కి తాడు అందుకున్నాడు. నాలుగు చుట్లు, ఉచ్చు, గుంజు. తాడు కొసకి కట్టిన పీట కింద ఊగుతోంది. ఒక్క క్షణం చూసి, మొత్తం విప్పేసి మళ్ళీ మొదలుపెట్టాడు.

"మొదటిది బాగానే పడిందిగా, ఎందుకు విప్పారు?" అంది ఆమె, ఉండబట్టలేక.

"నువ్వు కూర్చుంటావుగా."

ఇంత భయం అతనికి ఎప్పుడూ వెయ్యలేదు. తను పడితే పడతాడు, ఆమె పడకూడదు. ఈసారి కాలు నిచ్చెన మెట్టుకి తన్నిపెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించాడు.

ఆమె ముడి వైపు చూసింది. తర్వాత మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. ఏం కనబడిందో ఏమో, పీట మీద కూర్చుని రెండు కాళ్ళూ నేల మీంచి ఎత్తేసింది.

తాడు కిర్రుమంది. బాబు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆమె గాల్లో ఊగుతోంది. ముడి వెంట్రుకంత కూడా జరగలేదు.

"చాలమ్మా, దిగు" అన్నారు మేస్త్రి.

"దిగను నాన్నా. ఎందుకు నాటకం ఆడాడో చెప్పేదాకా దిగను."

"దిగిన తర్వాత చెప్తాను, దిగు" అని బతిమాలాడు బాబు. "నాకు భయమేస్తోంది."

"నీ ముడి మీద నీకు నమ్మకం లేదా?"

"ముడి మీద ఉంది. నువ్వు దాని మీద ఉంటేనే భయం."

"అయితే త్వరగా చెప్పు" అని పీటని ఇంకాస్త ఊపింది.

"ముడి వచ్చేస్తే రానక్కర్లేదన్నావుగా! రాకుండా ఉండలేను. నువ్వంటే నాకిష్టం. నీ పక్కన కూర్చోవడం ఇష్టం. తిట్టినా ఇష్టమే. నా వల్ల నీ జట్టు పోతుందని తెలిసుంటే మొదటి రోజే కట్టేసేవాణ్ణి. ఒట్టు! ఇక దిగవే తల్లీ!"

బాబు అమ్మ పరుపు మీద దుమ్ము దులుపుతూ, "ఇంట్లో రోజూ ఇదే గోలండీ. ఆ ఉచ్చేమిటో, ఆ పిల్లేమిటో" అంది మేస్త్రితో.

మేస్త్రి కుంటుకుంటూ వచ్చి తలెత్తి ముడిని చాలాసేపు పరీక్షగా చూశారు. "కుడిచేతి వాటం వాడు ఎడమకి చుట్టాడంటే, నువ్వు చూపించిందాంట్లో పిసరంత కూడా వదల్లేదు వీడు. ఇంతకంటే ఎవరూ నేర్పలేరమ్మా. జట్టు నీదే. బయటి మేస్త్రికి నేను ఫోన్ చేసి చెప్పేస్తాను."

ఆమె కళ్ళు తడిశాయి. అంతలోనే సర్దుకుని, "మరి ఈయనగారి సంగతి?" అంది.

"మేస్త్రివి నువ్వు. నన్నడుగుతావేం?"

ఆమె తల వెనక్కి వాల్చి పైకి చూసింది. "రేపు పొద్దున్నే వచ్చెయ్యి."

"ముడి వచ్చేసిందిగా..." అన్నాడు బాబు, అయోమయంగా.

"అందుకే రమ్మంటున్నాను" అని పీట మీంచి కిందికి దూకింది.

బాబు అమ్మ పరుపు చుట్టేసింది. మేస్త్రి ఆవిడకి కుర్చీ వేయించి టీ తెప్పించారు. ఇద్దరూ మాటల్లో ముహూర్తాల దాకా కూడా వెళ్ళిపోయారు. బాబు మాత్రం ఇంకా నిచ్చెన మీదే ఉన్నాడు. అతన్ని కిందికి దింపడానికి కొత్త మేస్త్రి మూడుసార్లు కేకెయ్యాల్సి వచ్చింది.