పది నలభైకి కూర్మారావు

తిమింగలం రావడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి కాబట్టి డెక్ మీద నరమానవుడు లేడు.

ఆ విహార ఓడలో చాటింపులు చెప్పే తవిటమ్మ మైకు నోటి దగ్గర పెట్టుకుని, రోజూ చెప్పే గొంతుతోనే చెప్పింది. "ఎడమవైపు, అర మైలు దూరాన, ఎనిమిది గంటల పదకొండు నిమిషాలకు మగ తిమింగలం. నలభై సెకన్లు కనిపిస్తుంది." ఎనిమిదీ పదికి తలుపులు తెరుచుకున్నాయి. నూట ఇరవై మంది ప్రయాణికులు కాఫీ కప్పులతో వచ్చారు, చూశారు, ఒకరిద్దరు "బాగుంది" అన్నారు, ఎనిమిదీ పన్నెండుకి లోపలికి పోయారు. ఎదురుగా మసిదీవి అగ్నికొండ మాత్రం, ఎవరూ అడక్కపోయినా, పొగ వదులుతూనే ఉంది.

ఏది ఎప్పుడు జరుగుతుందో చెప్పే యంత్రం, ముందెరుక, వచ్చి పద్దెనిమిదేళ్లయింది. మొదట అది పాలు ఏ క్షణాన పొంగుతాయో, బస్సు ఏ నిమిషానికి వస్తుందో చెప్పింది. తర్వాత బియ్యపు గింజంత ఉండే చెవిగింజల్ని లక్షలకొద్దీ సముద్రంలో చల్లారు. అవి నీటి కింద చప్పుళ్లు విని, ఏ జంతువు ఎక్కడ పైకి తేలుతుందో చెప్పడం మొదలుపెట్టాయి. మనుషుల సంగతి చెప్పడానికి మణికట్టున ఎరుకపట్టీ ఉంది. పట్టీ ఉన్న మనిషి ఎప్పుడు ఇల్లు చేరతాడో ఇంట్లోవాళ్లకు నిమిషాలతో సహా తెలిసిపోతుంది. ఎదురుచూడటమనే పని లోకంలోంచి లేచిపోయింది. పీడా పోయిందనే అందరూ అనుకున్నారు.

తవిటమ్మ మొగుడు కూర్మారావు ఒక్కడికే అది మింగుడు పడలేదు. ఆ ఓడకే చెందిన చిన్న పడవలు నడుపుతాడు. ఇద్దరి పెద్దలూ ఎప్పుడో శ్రీకాకుళం తీరం నుంచి అండమాన్‌కు వలసొచ్చిన చేపల వేటగాళ్లే.

"ఆరేళ్లయింది తవిటీ, ఒక్కపాలైనా ఉలిక్కిపడి," అన్నాడు ఆ ఉదయం, నిచ్చెన దగ్గర. "నువ్వు సెప్పిందే వొస్తాది. సెప్పిన కాడే తేలతాది. ఇది సముద్రమేటి, రైలు టేసనేటి?"

"జీతం ఇస్తన్నారు గదా. ఉలిక్కిపడకపోతే ఏటి నష్టం?"

"ఏటో. కాలూ సెయ్యీ నిలవట్నేదు." నవ్వాడు. "దీవి రేవు కాడ తాళ్లు సూసొస్తాను."

తెడ్ల పడవలోకి దిగాడు. తవిటమ్మ తన పట్టీ చూసుకుంది. కూర్మారావు, పది నలభైకి ఓడ మీద, అని ఉంది. అంతే, వెనక్కి తిరిగింది. వెళ్లేవాడిని కనుమరుగయ్యేదాకా చూడటం ఆమె నాయనమ్మ కాలంనాటి చాదస్తం.

పదిన్నర అయ్యేసరికి మాత్రం ఆమెకెందుకో మనసు మనసులో లేదు. పసుపు కోటు వేసుకుని రెయిలింగ్ దగ్గర నిలబడి, పట్టీలో అంకెలు మారడం చూస్తూ ఉంది. పది ముప్పై ఎనిమిదికి ఎక్కడో పక్షి అరిచినట్టయింది. ఆ నిమిషంలో పట్టీ ఏ పక్షినీ చెప్పలేదు. ఆమె తల ఎత్తలేదు.

సరిగ్గా పది నలభైకి అవతలి వైపు నిచ్చెన కదిలింది. వచ్చింది బైరాగి. ప్రయాణికుల్ని దీవి చూపించి తీసుకొచ్చే మోటారు పడవ అతనిది. చేతిలో ఒక ఎరుకపట్టీ ఉంది.

"ఒదినా, ఇది అన్న పట్టీ. లైఫ్ జాకెట్ల కింద దొరికింది. అన్నేడి?"

ముందెరుక తప్పు చెప్పలేదు. పట్టీ పది నలభైకే వచ్చింది. పట్టీ విప్పి ఊరికే వదిలేస్తే కెప్టెన్‌కు కబురు వెళుతుందని, కూర్మారావు దాన్ని బైరాగి పడవలో దాచి, ఎవరికీ చెప్పకుండా ఎటో పోయాడు. ఎటు పోయాడన్నదే ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ చూడలేదు. చూడగలిగిన ఒక్క మనిషీ వెనక్కి తిరిగింది. తవిటమ్మ ఆ పట్టీ పట్టుకుని కెప్టెన్ దగ్గరికి పరిగెత్తింది.

కెప్టెన్ విల్సన్ చెడ్డవాడు కాదు. తెల్లబోయాడు, అంతే. "పట్టీ లేని మనిషిని ఎలా వెతకాలో నాకు తెలీదమ్మా. వెతికే సామానంతా తీసేసి పదేళ్లయింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి విమానం ఐదూ ఇరవైకి వస్తుందట."

"ఐదుంపావుకి పొద్దు గూకిపోద్ది బాబూ."

బైరాగి మోటారు పడవతో దీవి చుట్టూ తిరగడానికి పోయాడు. కెప్టెన్ కూడా ఓడని మెల్లగా కదిలించాడు.

తవిటమ్మకు వాళ్ల నాన్న వెతికే పద్ధతి గుర్తుంది. చెయ్యి చాచి, నాలుగు వేళ్లు సముద్రపు అంచున ఆనించాలి. ఆ బెత్తెడు మేర పన్నెండు ఊపిర్ల సేపు చూడాలి. తర్వాత పక్క బెత్తెడు. ఒక్క మనిషి చుట్టూ చూసేసరికి పడవ ఎక్కడికో పోతుంది. నూట ఇరవై మంది తలా బెత్తెడు పంచుకుంటే?

మైకులో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పాపం, అందరూ వచ్చారు. చేతులు చాచారు. మూడో ఊపిరికి ఒకాయన పట్టీ చూసుకున్నాడు. సుభాషిణి గారనే రాజమండ్రి టీచరమ్మ కళ్ల నీళ్లు పెట్టుకుని అడిగింది. "ఎన్ని గంటలకు కనిపిస్తారమ్మా మీ ఆయన?"

"తెలవదమ్మా."

"అంటే, సుమారుగా?"

నాలుగు నిమిషాల్లో సగం మంది లోపలికి పోయారు. జాలి లేక కాదు. ఏది వస్తుందో ముందే చెప్పని నీళ్లను చూడటం వాళ్ల కళ్లకు చేతకావడం లేదు. ఆ మాటకొస్తే తవిటమ్మ చూపూ మాటిమాటికీ మణికట్టు మీదికే పోతోంది. తన మీద తనకే అసహ్యం వేసింది. పట్టీ పీకి జేబులో కుక్కుకుంది.

సాయంత్రం నాలుగు దాటింది. అప్పుడామె మళ్లీ మైకు తీసుకుని, బతుకులో మొదటిసారి దొంగ చాటింపు వేసింది.

"ప్రయాణికులకు గమనిక. ఇరవై ఏళ్లలో ఎవరూ చూడని తెల్ల తిమింగలం, పిల్లతో సహా, తొమ్మిది నిమిషాల్లో తేలుతుంది. ఏ దిక్కునో ముందెరుకకు అందలేదు. ఎవరి బెత్తెడు వాళ్లు చూడాలి. రెప్ప వేస్తే పోతుంది."

పట్టీల్లో ఆ మాట లేదు. అయినా ఆరేళ్లుగా ఒక్కసారీ తప్పని గొంతును ఎవరు అనుమానిస్తారు? నూట ఇరవై మంది రెయిలింగ్ చుట్టూ కిక్కిరిసిపోయారు. తొమ్మిది నిమిషాలయ్యాయి. "ఏడు నిమిషాలు ఆలస్యం," అంది తవిటమ్మ. మళ్లీ, "ఇంకో ఎనిమిది."

"అదిగో! నల్లగా! పైకి లేస్తోంది!" టీచరమ్మ కేక పెట్టింది.

లేచింది తెడ్డు.

కూర్మారావుని పైకి లాగేసరికి పొద్దు ఎర్రబడింది. పెదవులు పగిలి ఉన్నాయి, ఒళ్లంతా ఉప్పు. చుట్టూ మూగినవాళ్లు చప్పట్లు కొట్టారు. వెనకెవరో, "మరి తెల్ల తిమింగలం ఎన్నింటికి?" అని అడిగారు. టీచరమ్మ ఆ అడిగిన మనిషి వైపు చురుగ్గా చూసింది గానీ, ఆమె కూడా ఒకసారి మణికట్టు చూసుకుంది.

తవిటమ్మ మొగుడికి దుప్పటి చుట్టింది. చెంప మీద ఒకటిచ్చి, తర్వాత అదే చెంప తుడిచింది.

"ఏటి సూద్దారని ఎల్లావు?"

"నువ్వు సెప్పంది ఏదైనా." నీళ్లు తాగాడు. "రాయి తగిలి ఒక తెడ్డు ఇరిగిపోనాది. నీటివాటం లాగీసింది." ఇంకో గుక్క తాగాడు. "నేను నిన్ను సూసాను తవిటీ."

"ఎప్పుడు?"

"పొద్దుట. బైరాగోడి బోటు రాకముందే. ఆ వాటం నన్ను ఓడ పక్కనించే ఈడ్సుకెళ్లింది. రాయి ఇసిరితే తగిలేటంత దగ్గిర. పసుపు కోటు ఏసుకుని నువ్వొక్కదానివే నిలబడున్నావు. ఇంక బతికిపోనాననుకున్నాను. గొంతు సించుకుని అరిసాను." దుప్పటి దగ్గరికి లాక్కున్నాడు. "నువ్వు తలెత్తనేదు. సెయ్యి సూసుకుంటన్నావు."

పది ముప్పై ఎనిమిది నాటి పక్షి అరుపు ఇప్పుడామెకు చెవుల్లో స్పష్టంగా వినిపించింది. నిజమే చెప్పింది.

"నీ కోసమే సూత్తన్నానయ్యా."